మత్తెక్కని చేప, మత్తు వదలని చేప

నది గట్టున చేపలకు ట్యాగ్ (గుర్తు బిళ్ల) వేసి వదిలే పనిలో ఎక్కువగా వాడేవి రెండు మత్తు మందులు: ఎంఎస్-222 అనే ట్రైకెయిన్ పొడి, లవంగ నూనె. తరచూ ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: మందు నీళ్లలో దించగానే చేప ఎగిరెగిరి పడుతోంది.
కారణం: ట్రైకెయిన్ నీటిని ఆమ్లంగా మారుస్తుంది. లవణాలు తక్కువున్న నీటిలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) మరీ పడిపోతుంది.
పరిష్కారం: పొడికి సమాన బరువు, అవసరమైతే రెట్టింపు వంట సోడా కలపండి. పీహెచ్ నది నీటికి దగ్గరగా వచ్చాకే చేపను దించండి. కలిపి ఉంచిన ద్రావణం గోధుమరంగుకు తిరిగితే పారబోయడమే. వెలుతురు తగిలి చెడింది.

సమస్య: ఒకటి వెంటనే ఒరిగిపోతుంది, పక్కది హాయిగా ఈదుతోంది.
కారణం: లవంగ నూనె నీళ్లలో సరిగ్గా కలవదు, బొట్లుబొట్లుగా విడిపోతుంది.
పరిష్కారం: ఒక వంతు నూనెను తొమ్మిది వంతుల ఇథనాల్‌లో కలిపి, ఆ తర్వాత నీళ్లలో పోయండి. చాలా జాతులకు లీటరుకు 40–60 మిల్లీగ్రాములు సరిపోతుంది. అయినా ముందు తక్కువ మోతాదుతో ఒక్క చేపను చూడండి, ఎందుకంటే బజారు నూనెల్లో మత్తునిచ్చే యూజినాల్ శాతం ఒకేలా ఉండదు. కొర్రమీను సంగతి వేరు. పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి మొప్పల గుండా మందు నెమ్మదిగా ఎక్కుతుంది. తొందరపడి మోతాదు పెంచకండి.

సమస్య: మొప్పల మూతలు ఆడటం ఆగిపోయింది.
కారణం: మందులో ఎక్కువసేపు ఉండిపోయింది, లేదా బకెట్ ఎండకు వేడెక్కింది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, మందేమో త్వరగా ఎక్కుతుంది. లవంగ నూనె మత్తు ట్రైకెయిన్ కన్నా నిదానంగా దిగుతుంది.
పరిష్కారం: వెంటనే మందు కలపని తాజా నీళ్లలోకి మార్చి, నీరు నోట్లోంచి మొప్పల మీదుగా పారేలా తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకోండి. తోకవైపు లాగితే మొప్పలు దెబ్బతింటాయి.

అసలు ఎంపిక దగ్గర చాలామంది మరిచేది, ఆ చేపను రేపు ఎవరు తింటారన్నది. అమెరికాలో ట్రైకెయిన్ ఇచ్చిన చేపను 21 రోజుల వరకు తినకూడదు. లవంగ నూనెకైతే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదమే లేదు. గోదావరిలో పొద్దున వదిలిన బొచ్చె సాయంత్రానికి వలలో పడొచ్చు. అందుకే పొడవు, బరువు చూడటానికే అయితే మందు జోలికి పోవద్దంటాను: తడి చేతులు, కళ్లమీద తడిగుడ్డ, చకచకా పని చాలు. కోత పెట్టి ట్రాన్స్‌మిటర్ అమర్చాలంటే మత్తు తప్పదు. అప్పుడు సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకుని, గడువు తీరేదాకా చేపను తొట్టెలోనే ఉంచండి. మందు నీళ్లను నదిలో పోయకండి.