పాత ట్రేడ్‌కి మార్కులు వేయడం ఎలా? థండర్ జట్టు లెక్కలతో ఒక పద్ధతి

2025 జూన్ 22న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఓక్లహోమా సిటీ థండర్, ఇండియానా పేసర్స్ తలపడ్డాయి. అటు షే గిల్జస్-అలెగ్జాండర్, ఇటు టైరీస్ హాలిబర్టన్. ఈ ఇద్దరూ ఆ జట్లలోకి ఎలా వచ్చారని వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే ఇద్దరి దారీ ఒకే చోట కలుస్తుంది. 2017 జూలైలో ఈ రెండు జట్ల మధ్యే జరిగిన పాల్ జార్జ్ ట్రేడ్ అది. ఆ రోజు ఇండియానా నిలువునా మోసపోయిందని దాదాపు అందరూ తేల్చేశారు.

అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకంటారా? బాస్కెట్‌బాల్‌లో ట్రేడ్ జరిగిన రోజున పెళ్లి మొదలవుతుందంతే. అసలు సంగతి పదేళ్లకి గానీ బయటపడదు. అప్పుడు కూర్చుని "ఎవరు గెలిచారు?" అని లెక్క తీయడానికి నేను వాడే పద్ధతి ఇది. ఒక నోటుబుక్కు, ఒక సాయంత్రం చాలు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ట్రేడ్ అంటే జట్లు ఆటగాళ్లని మార్చుకోవడం. ఐపీఎల్‌కి వేలం ఎలాగో ఎన్‌బీఏకి డ్రాఫ్ట్ అలాగ. ఏటా కొత్త కుర్రాళ్లని జట్లు వరుసక్రమంలో ఎంచుకుంటాయి. ఆ వరుస రెండు రౌండ్లుగా సాగుతుంది, అందులో ఒక చోటుని పిక్ అంటారు. రాబోయే ఏడేళ్ల పిక్స్ దాకా ఇప్పుడే ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఆ పిక్‌తో వచ్చే కుర్రాడు ఇవాళ ఎక్కడో స్కూల్లో చదువుకుంటూ ఉంటాడు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

1. ముందు ఆ రోజు పేజీ రాయండి

నోటుబుక్‌లో ఎడమ పేజీ మీద ట్రేడ్ జరిగిన రోజున తెలిసినవి మాత్రమే రాయండి. ఆటగాడి వయసు, అప్పటిదాకా ఆడిన తీరు, ఒప్పందంలో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయి, ఎవరి మెడ మీద కత్తి ఉంది. ఆ తర్వాత జరిగినవి ఏవీ ఈ పేజీ మీదకి రాకూడదు. చెప్పినంత తేలిక కాదిది. తెలిసిన సంగతిని తెలియనట్టు రాయాలంటే చేయి ఆగదు.

2017 ట్రేడ్‌నే తీసుకోండి. ఇండియానా పాల్ జార్జ్‌ని ఇచ్చి విక్టర్ ఒలాడిపోని, డొమాంటాస్ సబోనిస్‌ని తీసుకుంది. అప్పటికి ఒలాడిపో సగటు మ్యాచ్‌కి 15.9 పాయింట్లు. నాలుగేళ్లకి 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం అప్పుడే మొదలవుతోంది, అది బరువని అందరూ అనేవాళ్లు. సబోనిస్ తొలి సీజన్‌లో 5.9 పాయింట్లు చేసిన కుర్రాడు. అటుపక్క జార్జ్ పేరున్న ఆల్‌స్టార్, అంటే ఏటా ఎంపిక చేసే మేటి ఆటగాళ్లలో ఒకడు. ఇంతవరకే రాస్తే ఇండియానా అన్యాయమైపోయినట్టే ఉంటుంది.

అందుకే కత్తి సంగతి కూడా రాయమన్నాను. ఒప్పందంలో ఏడాదే మిగిలి ఉండగా 2018లో వెళ్లిపోతానని జార్జ్ ముందే చెప్పేశాడు. ఆగితే ఇండియానాకి దక్కేది సున్నా. ఇల్లు ఖాళీ చేయక తప్పని మనిషి సామాను అమ్మితే ఏ ధర పలుకుతుందో అదే పలికింది.

2. ఎవరు సరుకు, ఎవరు తూకపు రాయి?

శాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) దాటిన జట్టు ట్రేడ్ చేస్తే ఇటు వెళ్లే జీతాలూ అటు వచ్చే జీతాలూ దగ్గరదగ్గరగా సరిపోవాలి. అందుకని పేర్ల జాబితాలో ఒకరిద్దరు జీతం లెక్క కుదరడానికే ఉంటారు. వాళ్లని పక్కన పెట్టకపోతే "ఐదుగురిని ఇచ్చి ఇద్దరిని తెచ్చుకున్నారు" లాంటి పనికిరాని వాదనలు పుడతాయి.

3. కొమ్మలు గీయండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. కుడి పేజీలో ట్రేడ్‌ని కాండంగా పెట్టి, వచ్చిన ప్రతి ఆటగాడి నుంచి ఒక కొమ్మ లాగండి. అతన్ని మళ్లీ ట్రేడ్ చేస్తే కొమ్మ ముందుకి సాగుతుంది. ఒప్పందం ముగిసి ఫ్రీ ఏజెంట్‌గా ఊరికే వెళ్లిపోతే కొమ్మ అక్కడితో ఎండిపోతుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడికి మారారో బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో తేదీలతో సహా దొరుకుతుంది.

ఇండియానా వైపు గీసి చూద్దాం. ఒలాడిపో 2017-18లో 23.1 పాయింట్ల సగటుతో ఆల్‌స్టార్ అయ్యాడు, ఆ ఏడాది బాగా మెరుగుపడిన ఆటగాడి అవార్డూ అందుకున్నాడు. 2019 జనవరిలో తొడ కండరం స్నాయువు తెగింది. 2021 జనవరిలో అతన్ని ఇచ్చి కారిస్ లెవర్ట్‌ని తెచ్చుకున్నారు. ఆ ట్రేడ్ కోసం చేసిన వైద్య పరీక్షల్లోనే లెవర్ట్ కిడ్నీలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక మార్చిలో మళ్లీ ఆడాడు. ఏ మార్కుల పట్టికలోనూ ఇమడని సంగతి ఇది, అయినా నా నోటుబుక్‌లో ఉంది. 2022 ఫిబ్రవరిలో లెవర్ట్‌ని క్లీవ్‌ల్యాండ్‌కి పంపినప్పుడు వచ్చినవాటిలో ఒక రెండో రౌండ్ పిక్ ఉంది. దాంతో 31వ స్థానంలో ఎంచుకున్న కుర్రాడు ఆండ్రూ నెంబార్డ్. 2025 ఫైనల్స్‌లో మొదటి ఐదుగురిలో ఒకడు. ఇక సబోనిస్ రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాక, అదే 2022 ఫిబ్రవరిలో అతన్ని శాక్రమెంటోకి ఇచ్చి హాలిబర్టన్‌ని తెచ్చుకున్నారు.

అందరూ నవ్విన ట్రేడ్ నుంచి ఫైనల్స్ ఆడిన జట్టుకి ఇద్దరు గార్డులు దొరికారన్నమాట.

థండర్ వైపు కాండం పొట్టిదే గానీ లావైనది. జార్జ్ రెండు సీజన్లు ఆడాడు. 2018-19లో 28 పాయింట్ల సగటుతో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) ఓట్లలో మూడో స్థానం. రెండేళ్లూ జట్టు ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే ఇంటికి వచ్చింది. 2019 జూలైలో అతన్ని లాస్ ఏంజిలెస్ క్లిప్పర్స్‌కి ఇచ్చి షేని, డానిలో గలినారిని, ఐదు తొలి రౌండ్ పిక్స్‌ని, రెండు స్వాప్ హక్కుల్ని తీసుకున్నారు. స్వాప్ అంటే ఆ ఏడాది ఇద్దరి పిక్స్‌లో మంచిది మనం ఉంచుకోవచ్చు. క్లిప్పర్స్ 2022 పిక్ 12వ స్థానంలో పడింది. దాంతో వచ్చినవాడు జేలెన్ విలియమ్స్, 2025 కప్పు జట్టులో కీలక ఆటగాడు.

4. కొమ్మని ఎక్కడ నరకాలో ముందే తేల్చుకోండి

కొమ్మలు గీయడం మొదలుపెడితే ఆగబుద్ధి కాదు. వెనక్కి వెళ్తే ఒలాడిపో, సబోనిస్ థండర్‌కి వచ్చింది 2016లో సర్జ్ ఇబాకాని ఒర్లాండోకి ఇచ్చినందుకు. ఇబాకా 2008 డ్రాఫ్ట్‌లో 24వ పిక్. ఆ పిక్ అసలు ఫీనిక్స్ సన్స్‌ది. లగ్జరీ ట్యాక్స్ (జీతాలు హద్దు మీరితే జట్టు లీగ్‌కి కట్టే పన్ను) భారం దింపుకోడానికి 2007లో ఫీనిక్స్ కర్ట్ థామస్‌ని, అతనికి తోడు రెండు తొలి రౌండ్ పిక్స్‌ని అప్పటికి ఇంకా సియాటిల్‌లోనే ఉన్న ఈ థండర్ జట్టుకి ఇచ్చేసింది. అంటే 2025లో థండర్ గెలిచిన కప్పుకి విత్తనం పద్దెనిమిదేళ్ల కిందట ఫీనిక్స్ వదిలించుకున్న జీతమా?

కథ బాగుంది, లెక్క మాత్రం కాదు. నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, ప్రతి కొత్త ట్రేడ్ దగ్గరా వచ్చిన ఘనతని సగానికి కోస్తాను. హాలిబర్టన్ ఆట మీద 2017 ట్రేడ్‌కి సగం హక్కే, మిగతా సగం 2022లో శాక్రమెంటోతో బేరం కుదిర్చినవాళ్లది. సగమే ఎందుకని అడిగితే శాస్త్రమేమీ లేదు. మీరు మూడో వంతు పెట్టుకున్నా పరవాలేదు, పేజీ పేజీకీ మార్చకుండా ఉంటే చాలు.

5. చేయకపోతే ఏమయ్యేది?

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. దీనికి 2012 అక్టోబర్ 27 నాటి జేమ్స్ హార్డెన్ ట్రేడ్‌ని మించిన పాఠం నాకు దొరకలేదు.

ఆ జూన్‌లో థండర్ ఫైనల్స్‌లో మయామీ చేతిలో 4-1తో ఓడింది. కెవిన్ డ్యూరాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రుక్, హార్డెన్, ఇబాకా నలుగురికీ పాతికేళ్లు నిండలేదు. జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టి హార్డెన్‌కి నాలుగేళ్లకి దాదాపు 5.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. గరిష్ఠంగా ఇవ్వగలిగింది దాదాపు 6 కోట్లు. అక్కడ బేరం తెగిపోయింది. హార్డెన్‌ని హ్యూస్టన్‌కి పంపి కెవిన్ మార్టిన్‌ని, జెరెమీ లాంబ్‌ని, రెండు తొలి రౌండ్ పిక్స్‌ని, ఒక రెండో రౌండ్ పిక్‌ని తీసుకున్నారు. హ్యూస్టన్ వెంటనే అతనికి ఐదేళ్లకి 8 కోట్లు రాసిచ్చింది. కొత్త జట్టుకి ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 37 పాయింట్లు కొట్టాడు, 2018లో ఎంవీపీ అయ్యాడు. థండర్‌కి మిగిలినవాళ్లలో చెప్పుకోదగ్గవాడు, పిక్‌తో వచ్చి ఏడు సీజన్లు నిలబడ్డ స్టీవెన్ ఆడమ్స్ ఒక్కడే. మార్టిన్ ఏడాదికే వెళ్లిపోయాడు.

"ఎంవీపీని అమ్ముకున్నారు" అని తిట్టడం తేలిక. అప్పటికి హార్డెన్ బెంచ్ మీంచి వచ్చే ఆటగాడు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందంతో లగ్జరీ ట్యాక్స్ బాగా బిగుసుకుంది, ఓక్లహోమా సిటీ చిన్న మార్కెట్. ఇవన్నీ ఎడమ పేజీలో రాశాను. నా ఫిర్యాదు వేరు. హార్డెన్ ఫ్రీ ఏజెంట్ కావడానికి ఇంకా ఒక సీజన్ ఉంది. 2013లో అయినా అది రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెన్సీయే, అంటే బయటివాళ్ల ధరకి సరితూగితే సొంత జట్టే ఉంచుకోవచ్చు. ఫైనల్స్ ఆడిన జట్టుతో ఇంకో ఏడాది కప్పు కోసం ప్రయత్నించి, తర్వాత తేల్చుకోవచ్చు కదా. అక్టోబర్‌లోనే తెగ్గొట్టుకోవాల్సిన తొందర నాకు ఎంత వెతికినా కనిపించదు. హార్డెన్ తర్వాత గొప్పవాడు కాకపోయినా ఈ మాటే అనేవాణ్ణి. మీ విమర్శ నిజాయితీగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇదే పరీక్ష: ఫలితాన్ని తిరగేసి చూసినా అది నిలబడాలి.

ఇంకో మెలిక. ఉంచుకుని ఉంటే 2025 కప్పు వచ్చేదా? ఏమో. ఊహ రెండు సీజన్లు దాటితే అది కట్టుకథే. అక్కడితో ఆపేయండి.

6. మొత్తాలు కూడేటప్పుడు జాగ్రత్త

ఒక ఆటగాడు జట్టుకి ఎన్ని విజయాలు తెచ్చాడో అంచనా వేసే విన్ షేర్స్ లాంటి కొలతలున్నాయి. వాటిని వాడండి, గుడ్డిగా కూడకండి. కోర్టులో ఒకసారికి ఐదుగురే ఉంటారు. నలుగురు మామూలు ఆటగాళ్ల విన్ షేర్స్ కలిపితే ఒక స్టార్‌కి సమానమని కాగితం చెబుతుంది. ఆ స్టార్ ఒక్క చోటే ఆక్రమిస్తాడు, మిగతా మూడు చోట్లా ఇంకెవరినైనా దించుకోవచ్చన్న సంగతి కాగితానికి తెలియదు. హార్డెన్ ట్రేడ్‌ని సమర్థించేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

7. అదృష్టాన్ని వేరే గిన్నెలో వేయండి

షే 2025లో 32.7 పాయింట్ల సగటుతో ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ కూడా. 2019లో అతను ఇంకా 21 నిండని, తొలి సీజన్‌లో 10.8 పాయింట్లు చేసిన కుర్రాడు. మంచివాడవుతాడని ప్రెస్టి ఊహించి ఉండొచ్చు. ఇంతవాడవుతాడని తెలిసి ఉంటే క్లిప్పర్స్ ఇచ్చేవాళ్లే కాదు. జేలెన్ విలియమ్స్ అయితే ఆ ట్రేడ్ రోజుకి శాంటా క్లారా కాలేజీలో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ రెండూ అదృష్టం గిన్నెలోకి చాలావరకు వెళ్లాల్సినవే.

అదృష్టం కానిది బేరం. ఆ వేసవిలో ఫ్రీ ఏజెంట్ అయిన స్టార్ కవాయ్ లెనార్డ్ క్లిప్పర్స్‌కి రావాలంటే పక్కన పాల్ జార్జ్ ఉండాలన్నాడు. ఒకరి ధర చెల్లిస్తే ఇద్దరు వస్తారని తెలిసిన కొనుగోలుదారు దగ్గర ప్రెస్టి ఆ మేరకు గుంజాడు. పైగా 2018లో జార్జ్ 13.7 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం రాసుకున్నాడు కాబట్టి, 2017లో ఇండియానాకి లేని బలం ఇతని చేతిలో ఉంది. క్లిప్పర్స్ కూడా తెలివితక్కువగా ఏం చేయలేదు. 2021లో ఆ జట్టు చరిత్రలోనే మొదటిసారి కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. 2024లో జార్జ్ ఫిలడెల్ఫియాకి ఊరికే వెళ్లిపోవడంతో వాళ్ల కొమ్మ ఎండిపోయింది.

లూకా డాంచిచ్ విషయం అడగొద్దు. 2025 ఫిబ్రవరిలో డాలస్ అతన్ని లేకర్స్‌కి ఇచ్చేశాక అక్కడ మన తెలుగువాళ్లున్న ఏ ఇంట్లో ఆ మాటెత్తినా కాఫీ చల్లారిపోయేదాకా వాదనే. మే నెలలో డాలస్‌కి 1.8 శాతం అవకాశంతో డ్రాఫ్ట్ లాటరీలో మొదటి పిక్ తగిలి కూపర్ ఫ్లాగ్ దొరికాడు. ఆ లాటరీని ట్రేడ్ ఖాతాలో వేసేవాళ్లతో నేను వాదించను, కాఫీ తాగి లేచి వచ్చేస్తాను.

8. రెండు మార్కులు వేయండి, ఒకటి కాదు

ఎడమ పేజీకి ఒకటి, కుడి పేజీకి ఒకటి. కలిపి సగటు తీయకండి. నావి ఇవి, పదికి:

2012 హార్డెన్ ట్రేడ్, థండర్ వైపు: నిర్ణయానికి 3, ఫలితానికి 3.

2017 జార్జ్ ట్రేడ్: థండర్ నిర్ణయానికి 7, ఫలితానికి 9. ఇండియానా నిర్ణయానికి 6, ఫలితానికి 8.

2019 ట్రేడ్: థండర్ నిర్ణయానికి 9, క్లిప్పర్స్ నిర్ణయానికి 6.

ఇండియానాకి 6 ఏమిటని కోప్పడే స్నేహితులున్నారు. ఒలాడిపో అంతగా మెరుగవుతాడని ఇండియానాకీ తెలియదని నా వాదన. మీ నోటుబుక్‌లో 8 వేసుకోండి, కాకపోతే పక్కనే కారణం ఒక వాక్యంలో రాయండి. కారణం రాయని మార్కు రెండేళ్ల తర్వాత మీకే అర్థం కాదు.

తేదీ కూడా వేయండి. నేను ట్రేడ్ జరిగిన రోజు, మూడేళ్లకి, చివరి పిక్ కూడా ఆడటం మొదలుపెట్టాక, ఇలా మూడుసార్లు మార్కులు వేస్తాను, పాతవి కొట్టేయకుండా. 2019 ట్రేడ్‌లో థండర్‌కి రావాల్సిన చివరి పిక్ క్లిప్పర్స్ 2026ది. దాంతో వచ్చే కుర్రాడు ఒకటి రెండు సీజన్లు ఆడేదాకా ఫలితం గడి ఖాళీగానే ఉంటుంది, అందుకే పైన అక్కడ అంకె వేయలేదు.