విరిగిన నమ్మకాన్ని అతికించుకోవడం – మూడవ పాఠం: ‘తప్పైంది’లో కర్త ఎవరు?

గత పాఠం అభ్యాసంలో భాగంగా, మీరు ఎవరిని నొప్పించారో, దానివల్ల వారికి ఏం పోయిందో ఒక కాగితం మీద రాసుకొని ఉంటారు. ఈసారి ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని, వారి ఎదుట పలకవలసిన మాటను సిద్ధం చేసుకుందాం. ఇంకా రాయనివారు దయచేసి అది రాసిన తరువాతే ముందుకు చదవండి, ఎందుకంటే రాసుకోకుండా వెళ్లినవారి నోటికి మొదట వచ్చేది సంజాయిషీయే.

మన వైపు పొరపాటు జరిగితే అలవాటుగా అనే మాట ‘తప్పైంది’. చిన్న విషయాలకు ఆ మాట చాలు. నష్టం పెద్దదైనప్పుడు మాత్రం దానిలోని లోపం బయటపడుతుంది. వాన పడింది, పొద్దు గూకింది అన్నట్టుగా తప్పు కూడా దానంతట అదే అయిపోయినట్టు వినిపిస్తుంది గానీ, చేసిన మనిషి ఆ వాక్యంలో కనిపించడు.

నల్లగొండ జిల్లా నాంపల్లి మండలంలో ఒకే బోరు మీద బత్తాయి తోటలు పెంచుకుంటున్న ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాం. ఏప్రిల్ నాటికి నీళ్లు తగ్గి, రోజు విడిచి రోజు వంతు పెట్టుకున్నారు. బిడ్డకు జబ్బు చేసి తమ్ముడు పది రోజులు హైదరాబాదు దవాఖానలో ఉంటే, అతని వంతు నీళ్లు కూడా అన్న తన తోటకే తిప్పుకున్నాడు. తమ్ముడు తిరిగి వచ్చి చూసేసరికి చెట్ల కింద గోలీలంతేసి పిందెలు పసుపుబారి రాలి ఉన్నాయి. ఆ రాత్రి అన్న, “తమ్మీ, తప్పైందిరా, మనసుల పెట్టుకోకు, నా చెట్లు గూడ ఎండుతున్నయి గదా” అన్నాడు. మొదటి మాటలో కర్త లేడు, రెండవది నష్టపోయినవాడికే ఇచ్చిన ఆజ్ఞ, మూడవది సంజాయిషీ. తమ్ముడు బదులు చెప్పలేదు. మర్నాడు స్టార్టర్ డబ్బాకు తాళం పడింది.

అదే అన్న ఇలా అని ఉంటే చూడండి: “తమ్మీ, నువ్వు దవాఖానల ఉన్నప్పుడు నీ అయిదు వంతుల నీళ్లు నేనే వాడుకున్న. ఫోన్ చేసి ఒక్క మాట అడగలే. నా చెట్లు దక్కినయి, నీ పిందె రాలింది. ఇది నేను చేసిన తప్పు.” అయిదు వంతులు అన్న లెక్క చేసినవాడి నోటి నుంచే వచ్చింది కాబట్టి, తన నష్టాన్ని రుజువు చేసుకోవలసిన రెండో బాధ తమ్ముడికి తప్పింది. క్షమాపణలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు 755 మందితో జరిపి 2016లో ప్రచురించిన పరిశోధనలో, క్షమాపణలోని ఆరు అంశాల్లో బాధ్యతను ఒప్పుకోవడం మొదటి స్థానంలోనూ, నష్టాన్ని సరిచేస్తాననడం దాని తరువాతి స్థానంలోనూ నిలిచాయి. ‘నన్ను క్షమించు’ అని అడగడం అన్నిటికన్నా తక్కువ పనిచేసింది. అందులో పాల్గొన్నవారు ఊహించిన సందర్భాలను చదివి అభిప్రాయం చెప్పారే తప్ప స్వయంగా నష్టపోయినవారు కారు. అయినా ఆ ఫలితం మన అనుభవానికి దూరం కాదు, ఎందుకంటే క్షమించమని అడిగిన క్షణంలోనే జవాబు చెప్పవలసిన భారం అవతలివారి మీద పడుతుంది.

మన ఊళ్లలో జరిమానాను కూడా ‘తప్పు’ అనే అంటారు. పెద్దమనుషులు చెప్పినంత తప్పు కడితే పంచాయితీ తెగుతుంది గానీ, తాళం తెరుచుకోదు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. కాండానికి రంధ్రాలు చేసి పోసిన మందు లోపల నిలవకుండా కారిపోతుంటే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. “ఇగ జన్మల ఇట్ల చెయ్య” అన్న ఒట్టు కూడా ఒక్కసారిగా పోసిన మందులాగే నిలవదు. దానికి బదులు అన్న, “వచ్చే అయిదు వంతులు నా నీళ్లు నువ్వే పెట్టుకో. తాళంచెవి నీ దగ్గర్నే ఉండనియ్యి, నా వంతునాడు వచ్చి అడిగి తీసుకుంట” అంటే, అది తమ్ముడు కళ్లారా చూసి సరిచూసుకోగల మాట అవుతుంది. ఆ అయిదు వంతులు గడిచినా తమ్ముడు ముభావంగానే ఉండవచ్చు. “ఇంకా కోపమేనా?” అని అడగకుండా, ఆరవ వంతునాడు కూడా వెళ్లి తాళంచెవి అడిగి తీసుకోవాలి.

ఈ వారం అభ్యాసం: మీ కాగితంలోని ప్రతి వాక్యంలో ‘జరిగింది’, ‘అయింది’ ఉన్న చోట ‘నేను చేశాను’ అని మార్చి రాయండి. ‘గానీ’, ‘కదా’ అన్న మాటల తరువాత వచ్చినదంతా కొట్టివేయండి. మిగిలినదాన్ని ఒంటరిగా, గొంతెత్తి మూడుసార్లు చదువుకోండి. దాని కింద, మీరు చేయబోయే ఒక్క చిన్న పనిని తేదీతో సహా రాయండి. అవతలివారు మన మాట వినడానికే ఇష్టపడకపోతే ఏం చేయాలన్నది నాలుగవ పాఠంలో చూద్దాం.