ఊరి గ్రంథాలయంలో తాటాకు గ్రంథాలను కాపాడటం ఎలా?

పాత గ్రంథాలయాల్లో ఏ బీరువా పై అరలోనో గుడ్డమూటలో తాటాకు కట్టలు బయటపడుతుంటాయి. చూడగానే దుమ్ము దులిపి ఫోన్‌తో ఫొటోలు తీసేయాలనిపిస్తుంది. ఆగండి, ముందు పట్టిక తయారు కావాలి.

1. కట్టకో నంబరు ఇవ్వండి. దాన్ని ఆకు మీద కాదు, చీటీ మీద రాసి దారానికి కట్టండి. ఆకుల లెక్క, కొలతలు, మొదటి పంక్తి, చివరి పంక్తి రిజిస్టరులోకి ఎక్కించండి. చివరి ఆకును నింపాదిగా చదవాలి. రాసినవాడి పేరు, ఊరు, తేదీ తరచుగా అక్కడే ఉంటాయి. తేదీ దగ్గర మాత్రం తొందర కూడదు. ‘విభవ నామ సంవత్సరం’ అని ఉంటే అది 1928 కావచ్చు, 1868 కావచ్చు, ఇంకో అరవై ఏళ్లు వెనక్కీ పోవచ్చు. శక సంవత్సరం అంకె లేకపోతే ఉన్నదున్నట్టు రాసి ఊరుకోండి.

2. పురుగు పట్టిన కట్టల్ని వేరే గదిలో పెట్టండి. దగ్గర్లో పురుగుమందు కొట్టొద్దు.

3. మెత్తటి బ్రష్షుతో ఆకు మధ్య నుంచి అంచులవైపు తుడవండి. గంటంతో, అంటే ఇనుప మొనతో గీసిన అక్షరాల్లో నింపిన మసి పోతే ఆకు ఖాళీగా కనిపిస్తుంది, కానీ రాత గీతల్లో భద్రంగానే ఉంటుంది. నిమ్మగడ్డి నూనెలో దీపపు మసి కలిపి రుద్ది, పైపైన తుడిస్తే అక్షరాలు తేలతాయి. ఇది చేయి తిరిగినవాళ్ల పని. సిరాతో రాసినవాటికీ, బొమ్మలున్నవాటికీ అసలు పనికిరాదు. హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వంటి చోట్ల అడిగి చేయించడం మేలు.

4. ఫొటోలు ఇప్పుడు తీయండి. రెండు వైపులా, పక్కన స్కేలు పెట్టి తీయాలి. ఫైలు పేరు రిజిస్టరు నంబరుతో కలవాలి, లేకుంటే తర్వాత వెతుక్కోలేక చస్తాం. ఫొటోలున్నాయి కదా అని ఆకుల్ని అటకెక్కించొద్దు.

5. రెండు చెక్క పలకల మధ్య పెట్టి నూలుదారంతో బిగువుగా కట్టండి. వదులైతే ఆకు వంకర్లు పోతుంది. దారం కోసుకుపోయేంత బిగించినా అంచులు చిట్లుతాయి. చుట్టే గుడ్డకు గంజి ఉండకూడదు, పురుగుకు అదే విందు. చిరిగిన ఆకుకు సెల్లోటేపు, లామినేషన్ వద్దే వద్దు.

6. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వాడినట్టు వస, నల్లజీలకర్ర, లవంగం, మిరియం, దాల్చినచెక్క పొడిచేసి, కర్పూరం కలిపి చిన్న మూటలు కట్టి అరల్లో ఉంచొచ్చు. వాసన పోగానే మార్చాలి. వానాకాలం అయిపోయాక ప్రతి కట్టనూ నీడలోనే ఒకసారి విప్పి చూసి, చూసిన తేదీ రిజిస్టరులో వేయండి.