బ్రిటిష్ హారర్ కామెడీ: ముందు భయం, తర్వాతే నవ్వు

బ్రిటిష్ వాళ్లు హారర్ కామెడీ తీస్తే దయ్యాల సినిమాల్ని చిన్నచూపు చూడరు. వాటి మీద పిచ్చి ప్రేమ ఉన్నవాళ్లే బావ మరదల్ని ఆటపట్టించినట్టు ఆటపట్టిస్తారు. అసలు మరదలెవరో తెలీకుండా చూస్తే సగం జోకులు గాల్లో పోతాయి. అందుకే 2004 నాటి ఎడ్గార్ రైట్ సినిమా ‘షాన్ ఆఫ్ ది డెడ్’ని నేరుగా పెట్టేయకండి.

ముందురోజు జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) చూడండి. అమెరికాది, బ్లాక్ అండ్ వైట్, గంటన్నర పైచిలుకు. పట్టుకోవాల్సినవి మూడే: శవాలు నింపాదిగా నడుస్తాయి, కరిస్తే మనిషి పోయినట్టే, తలకి కొడితేనే పడతాయి. ‘షాన్ ఆఫ్ ది డెడ్’ ఈ మూడింటిలో ఒక్కటీ తప్పదు. అక్కడ ఇంట్లో తలుపులు బిగించుకుంటే, ఇక్కడ పబ్బులో. జాంబీలు, అంటే ఈ నడిచే శవాలు, కామెడీ చెయ్యవు, చేసేది మనుషులే.

డబ్బింగ్ వద్దు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. హీరో షాన్‌ని ప్రేయసి వదిలేసిన రాత్రి పబ్బులో అతని స్నేహితుడు ఎడ్ మర్నాటి తాగుడు ప్రోగ్రామ్ చెబుతాడు. అక్కడ ఆపి కాగితం మీద రాసుకోండి: బ్లడీ మేరీ కాక్‌టెయిల్, కింగ్స్ హెడ్ అనే పబ్బులో బైట్, చివర్లో షాట్స్... రెండోసారి చూసేటప్పుడు ఆ చీటీ పక్కన పెట్టుకుంటే సినిమా కథంతా అందులోనే దొరుకుతుంది. బైట్ అంటే చిరుతిండీ, కాటూ. షాట్ అంటే పెగ్గూ, తుపాకీ పేలుడూ. డబ్బింగులో ఇవి బతకవు.

షాన్ వీధి చివరి కొట్టుకి వెళ్లే సీను రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఫోన్ చూసుకుంటే రెండోది దండగ. అదే దారి, అదే నిద్రమొహం. కానీ ఫ్రిజ్ తలుపు మీద నెత్తుటి చేతిముద్రలు, నేల మీద కాలు జారుతుంది. వాడు మాత్రం ఏదీ గమనించడు! కెమెరా కట్ లేకుండా వెంటే నడుస్తుంది కాబట్టే ఆ నవ్వు.

చాలామంది జారిపోయేది మొదటి అరగంటలో: జాంబీ ఏదీ అని ముందుకు తిప్పేస్తారు. బస్సులో జోగుతున్న జనాన్ని చూడండి, జోకు అక్కడే ఉంది. షాన్ వాళ్లమ్మ సీనులో నవ్వు రాదు, రాకూడదు కూడా.

బ్రిటన్‌లో దీనికి 15 సర్టిఫికెట్, అంటే పదిహేనేళ్లు నిండినవాళ్లకే, కాబట్టి చిన్నపిల్లలు పడుకున్నాకే. బిర్యానీ తెప్పించుకుంటే మాత్రం ఆఖరి అరగంటకి ముందే ముగించెయ్యండి. పబ్బు కిటికీ దగ్గర పేగులు బయటికొస్తాయి.