జాతరకు బ్లూరే డిస్కులు అద్దెకు తెస్తున్నారా?

గంగమ్మ జాతరకు తిరుపతిలో ఇంటినిండా చుట్టాలుంటారు. ఆ ఎండలకు మధ్యాహ్నం ఎవరూ గడప దాటరు, సినిమా ఉండాల్సిందే. డిస్కు తెచ్చే ముందు ఇవి చూసుకోండి.

అంగట్లోనే తిప్పి చూడండి. ట్యూబులైటు కింద వాలుగా పట్టుకుంటే గీతలు బయటపడతాయి. కనిపిస్తే "అన్నా, ఇది ముందే ఉంది" అని చూపించి, సెల్లులో ఫొటో తీసుకోండి. నేనొకసారి బద్ధకించి, ఎవరో గీసిన గీతకు డిస్కు ధర మొత్తం కట్టాను.

గీతలు పోవాలని టూత్‌పేస్టు రుద్దే వైద్యం వద్దు. డీవీడీలో సమాచారం మెరిసే వైపు నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటే, బ్లూరేలో 0.1 మిల్లీమీటరే. దాన్ని కాపాడేది పైనున్న గట్టి పూత. పేస్టు రుద్దితే పాడయ్యేది ఆ పూతే.

తుడిస్తే మెత్తటి గుడ్డతో, మధ్య నుంచి అంచుకు. గుండ్రంగా రుద్దితే గీత, సమాచారం చుట్లుగా ఉండే ట్రాక్ వెంబడే పడుతుంది. అడ్డగీతను ప్లేయరు చాలావరకు సర్దుకుంటుంది, దీన్ని సర్దుకోలేదు.

అట్టమీద రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అక్షరం చూడండి. మనది 'సి'. అమెరికా బంధువులు తెచ్చిన 'ఎ' డిస్కు తళతళలాడుతున్నా ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు.

కొత్త సినిమా మొరాయిస్తే వెంటనే డిస్కును తిట్టకండి. ముందు ప్లేయరు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. పాత సాఫ్ట్‌వేరైతే, నకళ్లు తీయకుండా కొత్త డిస్కులకు వేసిన తాళం తీయలేదు.

దారిలో పనులుంటే డిస్కును బండి డిక్కీలో వదలకండి, వేడికి వంగుతుంది.