సోవియట్ జనరల్ సర్వీసు రికార్డు చదవడం ఎలా: బోరిస్ గ్రోమోవ్ ఉదాహరణగా

సోవియట్ సేనానుల వివరాలు చదివేటప్పుడు మనవాళ్లు మొదట తడబడేది హోదాల దగ్గరే. భారత సైన్యంలో ఉన్న బ్రిగేడియర్ హోదా అక్కడ లేదు. కల్నల్ తర్వాత నేరుగా మేజర్ జనరల్, ఆపైన లెఫ్టినెంట్ జనరల్, కల్నల్ జనరల్, ఆర్మీ జనరల్ వస్తాయి. అందువల్ల హోదా కంటే ముందు ఆ అధికారి ఏ ఏడాది ఏ దళాన్ని నడిపారో, అంతకుముందు ఎక్కడ చదివారో చూడాలి.

అఫ్గానిస్తాన్ నుంచి సోవియట్ సైన్యాన్ని వెనక్కి తీసుకొచ్చిన సేనాని బోరిస్ గ్రోమోవ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 1943లో సరాతోవ్‌లో పుట్టిన ఆయన 1965లో లెనిన్‌గ్రాడ్ సైనిక పాఠశాల, 1972లో ఫ్రుంజే అకాడమీ, 1984లో జనరల్ స్టాఫ్ అకాడమీ పూర్తిచేశారు. ఈ చివరి అకాడమీకి ఎంపికయ్యారంటే ఆ అధికారిని అత్యున్నత బాధ్యతలకు సిద్ధం చేస్తున్నారని గ్రహించాలి.

తర్వాత యుద్ధ సేవను విడతలవారీగా విడదీయండి. ఆయన అఫ్గానిస్తాన్‌లో మూడు విడతలు పనిచేశారు: 1980–82లో డివిజన్ స్థాయిలో, 1985–86లో జనరల్ స్టాఫ్ ప్రతినిధిగా, 1987 నుంచి అక్కడి సోవియట్ బలగమైన 40వ సైన్యం కమాండర్‌గా. పతకం కనిపిస్తే అది ఏ పోరాటానికి వచ్చిందో వెతకాలి. 1988లో ఆయన పొందిన ‘సోవియట్ యూనియన్ వీరుడు’ బిరుదు వెనుక గర్దేజ్–ఖోస్త్ రహదారిని తెరిపించిన ‘మగిస్త్రాల్’ ఆపరేషన్ ఉంది. అయితే సుమారు లక్షమంది సైన్యాన్ని పర్వత మార్గాల గుండా వెనక్కి తీసుకురావడమే అంతకంటే కఠినమైన పని అని నా అభిప్రాయం. 1989 ఫిబ్రవరి 15న అఫ్గాన్ సరిహద్దులోని ఉజ్బెక్ పట్టణం తెర్మెజ్ దగ్గర అమూదర్యా నది వంతెన మీద ఆయన సాయుధ వాహనం దిగి నడిచి వచ్చారు, కుమారుడు పూలతో ఎదురొచ్చాడు, తన వెనుక ఒక్క సోవియట్ సైనికుడూ మిగల్లేదని ఆయన టెలివిజన్ బృందానికి చెప్పారు. అప్పటికి సోవియట్ యుద్ధ ఖైదీలు ఇంకా అఫ్గాన్ గడ్డ మీదే ఉన్నారు కనుక, ఇలాంటి ప్రకటనలను ఇతర ఆధారాలతో పోల్చి చూడకుండా రాసుకోకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసినవి పక్కకు జరిగిన బదిలీలు. కీవ్ సైనిక మండలం కమాండర్‌గా ఉన్న గ్రోమోవ్‌ను 1990లో అంతర్గత వ్యవహారాల శాఖకు మొదటి ఉపమంత్రిగా పంపారు. 1991 ఆగస్టులో గోర్బచేవ్‌ను గద్దె దించడానికి జరిగిన కుట్ర సమయంలో ఆ శాఖ బలగాలు రష్యా పార్లమెంటు భవనం మీదికి వెళ్లలేదు. తర్వాత రష్యా రక్షణశాఖ ఉపమంత్రిగా ఉంటూ 1994లో చెచ్న్యా యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు; మరుసటి ఏడాదే విదేశాంగ శాఖలో సైనిక నిపుణుడి పదవికి మారారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ బదిలీ స్వభావం తెలుస్తుంది. 2000 నుంచి 2012 దాకా మాస్కో ప్రాంత గవర్నర్‌గా ఆయన చేసిన పాలనను సైనిక సేవలో కలపకుండా, వేరే అధ్యాయంగా రాసుకోండి.