జైసల్మేర్‌లో చవగ్గా గది దొరకాలంటే

రాజస్థాన్ ఎడారి ఊరు జైసల్మేర్‌లో ఆన్‌లైన్‌లో ఐదారు వందలకే గది కనిపిస్తుంది. తీరా వెళ్లాక "ఒంటె సఫారీ మా దగ్గరే తీసుకోవాలి" అంటారు. విజయనగరం నుంచి రెండు మూడు రైళ్లు మారి పిల్లలతో దిగినవాళ్లకి అప్పుడు వాదించే ఓపిక ఉండదు.

మొన్న మేం చేసింది ఇది. మొదటి రాత్రికి మాత్రమే బుక్ చేశాం. మర్నాడు పదింటికి, గదులు ఖాళీ అయ్యే వేళకి, కోట కింద వీధుల్లో నడిచి నాలుగు చోట్ల చూశాం. అడిగింది ఒక్కటే: "సఫారీ నహీ లేంగే, తబ్ భీ యహీ రేట్?" (సఫారీ తీసుకోం, అప్పుడూ ఇదే రేటా?) ఔనన్నచోట ఆ మాట వాట్సాప్‌లో రాయించుకున్నాం. డబ్బు కట్టేముందు గీజర్ వేసి వేడినీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. చలికాలం రాత్రుళ్లు అక్కడ ఎముకలు కొరికే చలి, మన దుప్పట్లు చాలవు. రెండో రజాయి (దూది బొంత) కూడా ముందే అడగాలి.

మన విజయనగరం కోటలా కాదు, అక్కడ కోటలోపల ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు, హోటళ్లూ ఉన్నాయి. కానీ వాడిన నీళ్లు పునాదుల్లోకి ఇంకి ఆ పాత గోడలు దెబ్బతింటున్నాయి. అందుకే బయటే ఉండమంటాను. కోట గుమ్మానికి నడిచి వెళ్లిపోవచ్చు.

దీపావళి సెలవులు, డిసెంబరు చివరి వారం, మాఘ పౌర్ణమికి జరిగే ఎడారి ఉత్సవం రోజుల్లో ఇలా ఒక్క రాత్రికే బుక్ చేసుకుని వెళ్లడం పనిచేయదు. అప్పుడు అన్ని రాత్రులకీ ముందే బుక్ చేసుకోండి, సఫారీ షరతు ఉందేమో ఫోన్‌లోనే అడగండి.